నోరు ఒకరిది, చెవి ఒకరిది

సభ 1వ రోజు

ఆకాశ మండలిలో కుర్చీ దొరికిన ప్రతి సభ్యుడూ రోజూ దినచర్య రాయాలట. కనీసం పది వాక్యాలు, సొంత భాషలో. ఎవరు చదువుతారని అడిగితే "భద్రపరచబడును" అంది యంత్రం. అంటే ఎవరూ చదవరన్నమాట. ఏడో తరగతి తప్పిన నాకు ఇంతకంటే మంచి పాఠకులు దొరకరు.

పేరు పల్లాల బుల్లిరెడ్డి. వయసు నలభై తొమ్మిది. ఊరు వెదుళ్ళగండి, గోదావరికి పైన, కొండమీద. వృత్తి అన్నచోట "పోడు" అని రాశాను. యంత్రం దాన్ని కొట్టేసి "వ్యవసాయము" అని దిద్దింది. మళ్ళీ "పోడు" అని రాశాను. మళ్ళీ దిద్దింది. నాలుగోసారి విసుగొచ్చి "గాలిపటాల నిపుణుడు" అని రాస్తే కిక్కురుమనకుండా తీసుకుంది.

మండలి సముద్రాల అవతల ఉంది. మేం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మా పాత రేషను డిపో గోడకి నల్ల అద్దం బిగించి, ముందు రెండు బల్లలు వేశారు. దాన్ని నీడగది అంటున్నాం. ఇక్కడ మనం కూచుంటే అక్కడ మన కుర్చీలో వెలుగుతో చేసిన మన బొమ్మ కూచుంటుంది. మనం తల గోక్కుంటే అదీ గోక్కుంటుంది. చెవిలో పెట్టుకునే గింజ ఒకటిచ్చారు. వాళ్ళ మాటలు మనకి తెలుగు చేస్తుంది. నా ఏడో తరగతి వాచకానికి నోరొచ్చినట్టుంటుంది ఆ తెలుగు.

"ఒక కుర్చీకి ఒక ప్రతినిధియే" అన్నారు. మా పదహారు గూడేలవాళ్ళూ నవ్వారు. సంతకి కూడా మేం ఒక్కణ్ణి పంపం. బేరానికి ఇద్దరు వెళ్ళాలి. ఒకరు నోరు, ఒకరు చెవి. నోరు ఎంతైనా వాగొచ్చు, దబాయించొచ్చు, పొగడొచ్చు, చివరికి సరే అని కూడా అనేయొచ్చు. ఆ సరేకి దగ్గుకున్న విలువ కూడా ఉండదు. చెవి మాత్రం అక్కడ ఒక్క ముక్క మాట్లాడకూడదు. విన్నదంతా ఊరికి మోసుకొచ్చి అందరిముందూ అప్పజెప్పాలి. ఊరు తేల్చిన జవాబు తర్వాతి సంతకి వెళుతుంది. అందుకే మేం మంచివాణ్ణి ఎప్పుడూ నోరుగా పంపం. మంచివాడు మొహమాటపడిపోతాడు. నన్ను పంపడానికి ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. ఇరవై రెండేళ్ళుగా నేనే నోరు.

చెవి మా సింగారమ్మత్త. డెబ్బై దాటింది. అక్షరమ్ముక్క రాదు. నా పెళ్ళిలో ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో ఇప్పటికీ వరసగా చెప్పగలదు. చెప్పింది కూడా, నా కూతురి పెళ్ళిలో. మండలితో పోట్లాడి ఆమెకి "సహాయకురాలు" అనే పేరుతో రెండో బల్ల సంపాదించాం.

"సంప్రదాయ శిరోభూషణముతో రండు" అని కబురొచ్చింది. మాకలాంటిదేమీ లేదు. చేపలు పట్టే వెదురు బుట్టని నెత్తిన బోర్లించుకుని వెళ్ళి, "ఇది ఏడు తరాల పెద్దకు మాత్రమే" అన్నాను. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సభ 2వ రోజు

బుట్ట నెత్తిన పెట్టుకున్న నా బొమ్మని మండలి స్వాగత పత్రం మీద అచ్చేశారు. మా ఆవిడ నూకాలు చూసి, "ఓరి నీ దుంపదెగ! ఆ బుట్ట కోసవా నేను నిన్నట్నించి ఊరంతా ఎతుకుతన్నాను?" అంది. పది వాక్యాలు అవ్వాలి గనక ఇంకో ఎనిమిది రాస్తున్నాను. వాన లేదు. వాన లేదు. వాన లేదు. వాన లేదు. వాన లేదు. వాన లేదు. వాన లేదు. వాన లేదు.

యంత్రం తీసుకుంది.

సభ 3వ రోజు

సభ గోడమీద బంగారు అక్షరాలతో "నలుబది యొక్క కుర్చీలు ఆదిమ జాతులవి" అని రాసుంది. మిగతా రెండువందల కుర్చీలు ఎవరివో రాయలేదు. తెలీనివాళ్ళెవరు గనక! మా నలభై ఒకటీ లావుపాటి స్తంభం వెనక ఉన్నాయి. పక్క కుర్చీలో ఐలా అనే ఆమె. మంచుదేశంలో దుప్పుల్ని మేపుకునే జనం తరఫున వచ్చింది. "ఇచట నుండి అధ్యక్షురాలి ఎడమ చెవి మాత్రమే కనబడును. పదకొండేండ్లుగా దానినే చూచుచున్నాను" అంది. మంచి మనిషి.

ఈ రోజు మా విషయం వచ్చింది. మబ్బు గాలిపటాలు. ఒక్కోటి మా ఊరంత ఉంటుందట. మా మూడు కొండల నెత్తిన ఇనప స్తంభాలు పాతి, వాటికి కట్టి ఎగరేస్తారు. సముద్రం మీంచి వచ్చే వానమబ్బుల్ని అవి ముక్కుతాడేసి లాక్కెళ్ళి కింద నగరాల చెరువుల్లో పిండుతాయి.

"మీ కొండలపై వర్షము సగమునకు తగ్గును" అన్నారు అధ్యక్షురాలు మారెన్ గారు, ఎంతో మర్యాదగా. "మీ త్యాగమునకు గుర్తుగా ఫలకము నిర్మించబడును."

మా తాత చిన్నప్పుడు ఒక ఏడాది సగం వానే పడింది. సామలు కంకి వెయ్యలేదు, జీలుగు చెట్లు కల్లు ఇవ్వలేదు, వాగు సంక్రాంతికి ముందే ఎండింది. మామిడి టెంకల పిండి కాచుకు తాగి బతికారు, బతికినవాళ్ళు. ఇప్పుడు ఏటేటా సగం అంటే ఇక్కడ మిగిలేది ఆ ఫలకమే.

ఒక్కటి మాత్రం ఉంది. మండలి నిబంధనల్లో ఎనిమిదోది: కొండ ఎవరిదో వాళ్ళు సమ్మతించనిదే ఒక్క మేకు కూడా దిగకూడదు. కాబట్టి అడుగుతున్నారు. అడిగితే బేరమాడాలి. బేరమాడటం నా పని.

సభ 4వ రోజు

ముందు సరే సరే అని మురిపించడం, తర్వాతి వారం ఊరి జవాబుతో మూతి వాయించడం సంతలో నా పాత ఆట. షావుకార్లందరికీ తెలుసు. నేను సరే అనగానే వాళ్ళు నా వంక చూడరు, పక్కనున్న చెవి వంక చూస్తారు.

మారెన్ గారు లేచి, "ఏడు తరముల పెద్దా, తమ విజ్ఞతకు మొక్కుచున్నాము, మేఘములను దయచేయుదురా?" అన్నారు.

"మబ్బులేం ఖర్మ తల్లీ!" అన్నాను. "మా మావగారిని కూడా పట్టుకుపోండి. ఆయన్ని తీసుకెళ్తానంటే మూడు కొండలూ ఇచ్చేస్తాను."

సభ ఘొల్లుమంది. తర్వాత చప్పట్లు. నా బల్లమీద ఆకుపచ్చ దీపమొకటి వెలిగింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఐలా మాత్రం నవ్వలేదు. "నీవేమి చేసితివి?" అంది. వేలు ఆ దీపం వైపు చూపిస్తోంది.

మావగారి విషయం ఇంట్లో చెప్పలేదు.

సభ 5వ రోజు

ఉత్తరం వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"సమ్మతి సంఖ్య 118. గాలిపటముల నిపుణుడును, ఏడు తరముల పెద్దయును అగు శ్రీ బుల్లిరెడ్డి గారు తమ జాతి పక్షమున సమ్మతించిరి. షరతు: మామగారి తరలింపు, ఒకరు. తరలింపు పూర్తియైన మరుక్షణము స్తంభములు నాటబడును."

నీడగదికి పరిగెత్తాను. గుమస్తా బొమ్మ ప్రత్యక్షమైంది.

"బాబూ, అది సరే కాదు" అన్నాను.

"ధ్వనిముద్రణమున 'ఇచ్చేస్తాను' అని స్పష్టముగా ఉన్నది."

"నేను నోటిని మాత్రమే. నోరు ఏదన్నా అంటుంది. మా చెవి ఊరికి చెప్పాలి, ఊరు తేల్చాలి."

"మీరే గదా ప్రతినిధి?"

"అవును."

"మరి?"

గుమస్తా బొమ్మ మాయమైంది. మధ్యాహ్నం సభలో లేచి ఇదే మొరపెట్టుకున్నాను. "నా మాటకి విలువ లేదు! ఈ సభలో ఎవరి మాటకైనా విలువుండొచ్చు, నా మాటకి లేదు!" అని అరిచాను. పడీపడీ నవ్వారు. "ఆదిమ జాతుల హాస్యసంపద" మీద ఒకాయన రెండు నిమిషాలు ప్రసంగించాడు.

నేను జోకులేస్తే ఒప్పందమని రాసుకున్నారు. నిజం చెబితే జోకని నవ్వారు.

సభ 6వ రోజు

పదహారు గూడేలూ మామిడితోపులో కూచున్నాయి. మా పెద్దకాపు జోగిరెడ్డి చుట్ట వెలిగించాడు. నన్ను కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

"నోటి మీద తప్పేయకూడదు" అన్నాడు పెద్దకాపు. "తప్పు మనదే. నోటి మాట చెల్లదని ఆళ్ళకి మనవెవరవన్నా సెప్పావా? లోకానికంతా తెలుసనుకున్నాం."

నిజమే. ఎవరికీ తోచలేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడని చుట్టాలకి ఎవరు చెబుతారు?

"ఇప్పుడేం సేద్దారి?" అని ఎవరో అడిగారు.

"ఆళ్ళనడగాలి" అన్నాడు పెద్దకాపు. "ఆళ్ళకీ ఏదో పద్ధతుంటది కదా."

"ఆళ్ళ పద్ధతే ఇది పెద్దకాపూ" అన్నాను. "దీపం ఎలిగితే అయిపోయినట్టే."

కొంతమంది కొండవైపు చూశారు. సామల మొలకలు అప్పుడే రెండాకులేసున్నాయి.

సభ 7వ రోజు

పొద్దున్నే మెరిసే విమానం ఒకటి మా కందిచేలో దిగింది. అందులోంచి "మామగార్ల తరలింపు అధికారి" దిగాడు. అలాంటి ఉద్యోగం నిన్నే పుట్టించారట. పాపం, ఎంత పద్ధతైన మనిషి! మావగారికి దుప్పటి, చెప్పులు, సముద్రం కనిపించే గది బొమ్మ తెచ్చాడు. మా మావగారు వేట్ల సన్యాసిరెడ్డి ఆయన్ని అరుగుమీద కూచోబెట్టి కల్లు పోశాడు. గది బొమ్మ తిప్పి తిప్పి చూశాడు.

"సముద్రం బాగానే ఉందే" అన్నాడు.

ఆయన విమానం ఎక్కితే షరతు తీరిపోతుంది. షరతు తీరితే స్తంభాలు దిగుతాయి. కాళ్ళమీద పడిపోయాను. "మావా, ఎల్లకు. నీకు దణ్ణం పెడతాను. ఏదో నోటితీటకి అన్నాను."

నూకాలు గుమ్మంలో నిలబడి, "ఇరవయ్యేడేళ్ళకి మా నాన్న కాళ్ళు పట్టుకున్నావు. ఆ మండలోళ్ళు సల్లగుండాలి" అంది.

మావగారు తాపీగా అధికారి వైపు తిరిగాడు. "సూడు బాబూ. నాకు సముద్రవంటే మా ఇష్టం. మా అల్లుడు వచ్చి, మావా, ఎల్తావా అనడిగుంటే ఈపాటికి మూట కట్టేసేవోణ్ణి. అడగలేదు. అడక్కుండా ఇచ్చేశాడు. అందుకే ఎల్లను."

అధికారి మిగిలిన కల్లు తాగేసి లొట్టి కింద పెట్టాడు. తర్వాత తన పలకమీద "మామగారు: నిరాకరణ" అని రాసుకుని, "మూడు దినములలో మరల వచ్చి బలవంతపు తరలింపు ఉత్తరువు చూపవలసి యుండును, మన్నించుడు" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

సభ 8వ రోజు

మావగారి మాట ఐలాకి చెప్పాను. ఈసారి నవ్వింది. నవ్వి, "తొమ్మిదవ నిబంధన చదివితివా?" అంది.

నేనెక్కడ చదువుతాను! ఆమే చదివి వినిపించింది. "ప్రతి ఆదిమ జాతియు తన నిర్ణయమును తన పద్ధతిలోనే తీసుకొనును. ఆ పద్ధతిని మండలి సభ్యులెల్లరు హాజరై సాంతము ఆలకింతురు." పదకొండేళ్ళలో దీన్ని వాడమని ఎవరూ అడగలేదట. అందంగా ఉంటుందని రాసి పెట్టుకున్నారు, పెళ్ళిశుభలేఖ మీద పద్యంలాగ.

"మీ పద్ధతి యెంత దీర్ఘము?" అని అడిగింది.

సింగారమ్మత్త వంక చూశాను. ఏడు రోజులుగా బల్లమీద కదలకుండా కూచుంది. అక్కడ ఆమె బొమ్మని చూసినవాళ్ళు ముసలామె కునుకు తీస్తోందనుకున్నారు. కుర్చీ దగ్గర నిలబడి కాఫీ తాగారు, కబుర్లాడుకున్నారు. ఆమె చెవిలోనూ గింజ ఉందని ఎవరికీ పట్టలేదు.

"ఏడు రోజుల సభ కదా" అన్నాను. "ఏడు రోజులు పడుతుంది."

సభ 9వ రోజు

తొమ్మిదో నిబంధన అడిగేసరికి ఈసారి మండలే మా ఊరొచ్చింది. నల్ల అద్దాన్ని మామిడితోపుకి మోసుకొచ్చి తిప్పి పెట్టాం. రెండువందల నలభై ఒక్క బొమ్మలు చెట్లకింద వెలిశాయి. మాకు కుర్చీలు లేవు గనక లెక్క కుదరక సగంమంది నడుందాకా భూమిలో దిగిపోయారు. మారెన్ గారు ఆరబోసిన చోళ్ళ కుప్పలోంచి మెడవరకు పైకొచ్చారు. ఒక మేక ఆమెలోంచి అటూ ఇటూ రెండుసార్లు నడిచింది.

పెద్దకాపు లేచి చెప్పాడు. "మా పద్ధతిదమ్మా. మీ దగ్గర విన్నది మీ ముందరే అప్పజెప్తాం. ఎక్కడన్నా తప్పుంటే సెప్పండి. అప్పుడు మేం కూకుని తేల్చుకుంటాం."

సింగారమ్మత్త నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. మొదటి రోజు ప్రార్థనాగీతం నించి. రాగంతో సహా. అధ్యక్షురాలి ప్రసంగం. ఎవరో తుమ్మారు. తుమ్మింది. బొమ్మలు మురిసిపోయాయి. "అద్భుతమైన మౌఖిక సంప్రదాయము" అని గొణుక్కున్నారు. గంట గడిచింది.

"రెండో రోజు. కాఫీ ఏళ. పొడుగాయన, పచ్చ కండువా ఆయనతో: 'ద్వీపములవారు మాటలాడునపుడు నేను నిద్రింతును, ఓటు వేళకు లేపుము.' పచ్చ కండువా: 'నేనును నిద్రింతునే!' నవ్వు. ఇద్దరూ."

ద్వీపాల బొమ్మలు నాలుగు మెల్లిగా వెనక్కి తిరిగాయి. పచ్చ కండువా ఇంకాస్త భూమిలోకి దిగినట్టనిపించింది.

అత్తకి అదేం తెలీదు. కళ్ళు మూసుకునే ఉంది. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో మాటా తీసి పక్కన పెడుతోంది.

"మూడో రోజు. మన ఇసయం రాకముందు. ఎర్ర కోటు కుర్రోడు, మారెన్నమ్మతో: 'స్తంభములు నిరుడే కొనితిమి గదా, ఇప్పుడు అడుగుట దేనికి?' మారెన్నమ్మ: 'అడిగినట్లుండవలెను.' దగ్గింది." అత్త దగ్గింది.

మా జనం నాలుగొందలమంది, వాళ్ళ బొమ్మలు రెండొందల చిల్లర, అందరూ చోళ్ళ కుప్ప వైపే చూశారు.

"ఇందులో తప్పేమన్నా ఉందామ్మా?" అన్నాడు పెద్దకాపు. ఎగతాళి కాదు. పద్ధతి ప్రకారం అడగాలి.

మారెన్ గారు, "లేదు" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆమె మీద నాకు గౌరవం కలిగింది. తర్వాత, "ఇంకను ఎంత కలదు?" అని అడిగారు.

"ఇంకా మూడోరోజు పొద్దుటేళేనమ్మా. నిన్నటిదాకా ఉంది."

సభ్యులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నాలుగో రోజు ఎవరేం మాట్లాడారో ఎవరికి వాళ్ళు గుర్తు చేసుకుంటున్నారని స్పష్టంగా తెలిసింది. పొడుగాయన లేచి, సమ్మతి సంఖ్య 118 వెంటనే రద్దు చేయాలని తీర్మానం పెట్టాడు. పచ్చ కండువా బలపరిచాడు. ద్వీపాలవాళ్ళు మాత్రం, "వద్దు, సాంతము ఆలకింతము" అన్నారు. మా నలభై ఒక్క కుర్చీలూ వాళ్ళతో కలిశాయి. కానీ ఓట్లు చాలలేదు. దాదాపు రెండువందలమంది ఒక్కసారిగా న్యాయం వైపు తిరిగారు. 118 కొట్టేశారు. కారణం: "విధానపరమగు చిన్న లోపము." మావగారి ఉత్తరువు కూడా దాంతోనే పోయింది. ప్రశ్న మళ్ళీ కొత్తగా అడిగారు, ఈసారి ఊరిని: మబ్బులు ఇస్తారా?

"కూకుని తేల్చుకుంటాం" అన్నాడు పెద్దకాపు.

సభ 10, 11, 12, 13

ఊరు తేల్చుకుంటోంది. నోటికి అక్కడ చోటు లేదు. మాటకారి కూచుంటే తూకం తన వైపు లాగేస్తాడని మా పెద్దల భయం. నేను పొలంలో మేకల్ని తోలుతున్నాను.

తేలడం తేలిక కాదు. కింద నగరాల్లో నీళ్ళకి నిజంగానే అల్లాడుతున్నారు. మా ఆడపిల్లల్ని అటు ఇచ్చిన ఇళ్ళున్నాయి. రెండోరోజు అరుపులు వినిపించాయి. మూడోరోజు ఎవరో ఏడ్చారు. నాలుగోరోజు ఏ చప్పుడూ వినిపించలేదు. వెళ్ళి చాటుగా విందామనుకున్నాను. నా జన్మలో చేయాలనిపించి చెయ్యని వెధవపని అదొక్కటే.

సభ 14వ రోజు

జవాబు తీసుకెళ్ళేటప్పుడు నోటికి సొంత మాట ఉండకూడదు. ఊరు ఇచ్చిన మాటలు, అంతే. అత్త పక్కనే కూచుని చూస్తుంది. ఒక్క ముక్క కలిపినా, ఊరికి తెలుస్తుంది. సంతలో ఇది ఎన్నోసార్లు చేశాను. చేసిన ప్రతిసారీ ఏదో ఒక ముక్క కలిపాను. పట్టుబడి తిట్లు తిన్నాను.

ఇవాళ బుట్ట పెట్టుకోలేదు. స్తంభం వెనక కూచోలేదు కూడా. ఐలా తన కుర్చీని ముందుకి జరిపించి, నాదీ జరిపించింది. పదకొండేళ్ళ తర్వాత ఆమెకి అధ్యక్షురాలి రెండో చెవి కనిపించింది.

మారెన్ గారు, "మీ ప్రజలు ఏమని నిర్ణయించిరి?" అన్నారు.

లేచి నిలబడ్డాను. సభంతా పెదాల మీద నవ్వు సిద్ధం చేసుకుని చూస్తోంది. ఎర్ర కోటు కుర్రాడు కూడా. నాకు నాలుక చివర మూడు జోకులున్నాయి. ఒకటి ఫలకం మీద, ఒకటి చోళ్ళ కుప్ప మీద, మూడోది ఎంత బాగుందంటే ఇక్కడ రాయడానికి కూడా భయంగా ఉంది.

"ఈ ఏడు ఇవ్వం" అన్నాను. "పాతడానికి తెచ్చిన స్తంభాలు వెనక్కి పట్టుకెళ్ళండి. వచ్చే ఏడు మామిడి పండగయ్యాక మళ్ళీ అడగండి. నీళ్ళు కావలసినోళ్ళు వచ్చి అడగండి. కొండెక్కి వచ్చి అడగండి. కూకుని మాట్లాడుకుందాం."

సభ ఎదురుచూసింది. నేను ఊరుకున్నాను. ఎవరో కుర్చీలో సర్దుకున్నారు. అత్త నా వంక చూడలేదు, కళ్ళు మూసుకుని వింటోంది.

"ఇంకను ఏమైన చెప్పెదరా?" అన్నారు మారెన్ గారు.

నోరు తెరిచాను. మూసుకున్నాను. మళ్ళీ తెరిచాను.

"అంతే" అన్నాను.